‘న్యాయమైన విచారణ’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: టాంజానియా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం 2015 నవంబరులో ఇచ్చిన ఒక తీర్పు గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఫెయిర్ ట్రయల్’కు ‘న్యాయమైన విచారణ’ అని రాస్తే, మిత్రులొకరు ‘నిష్పాక్షిక విచారణ’ అని దిద్దారు. ఏది ఉంచమంటారు? ‘ప్రాంతీయ న్యాయస్థానం’ అనవచ్చా?

జవాబు: ఆ కేసునే దగ్గర పెట్టుకుని చూద్దామండి. ఆయుధాలతో దోపిడీ చేశాడని ఒక మనిషికి 30 ఏళ్ల జైలుశిక్ష వేశారు. తన తరఫున చెప్పుకోవలసిన వేళకు ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన రాకుండానే కింది కోర్టు ఆ ఘట్టం ముగించేసింది. అంత పెద్ద శిక్ష పడే కేసులో ప్రభుత్వం ఉచితంగా వకీలును కూడా ఇవ్వలేదు. టాంజానియాలోని అరుషా నగరంలో ఉన్న ఆ ఆఫ్రికా న్యాయస్థానం తప్పుపట్టింది వీటిని. జడ్జి ఒక పక్షం వహించారని కాదు. అలాంటప్పుడు ‘నిష్పాక్షిక’ ఎలా అతుకుతుంది? ఆఫ్రికా దేశాల మానవ హక్కుల ఒప్పందమైన ఆఫ్రికా చార్టర్ 7వ అధికరణంలో నిష్పాక్షికత అనేక అంశాల్లో ఒకటి మాత్రమే. మీ మిత్రుల దిద్దుబాటు నేను ఒప్పుకోను.

‘న్యాయమైన’ ఉంచండి, కానీ ఒంటరిగా వదలకండి. ‘న్యాయం జరగలేదు’ అనగానే మనవాళ్లు ‘పాపం, నిర్దోషి’ అనుకుంటారు. ఆ న్యాయస్థానం ఆయన నిర్దోషి అనలేదు, విడుదల చేయమనీ ఆదేశించలేదు. కేసు నడిపిన తీరునే తప్పుపట్టింది.

అసలు చిక్కు ‘విచారణ’తోనే. పోలీసులు స్టేషనుకు పిలిచి ప్రశ్నించినా విచారణే, కోర్టులో వాయిదా పడేదీ విచారణే, సాక్ష్యాలు, వాదనలు ముగిసి తీర్పు దాకా నడిచేదీ విచారణే. పోలీసుల పనికి ‘దర్యాప్తు’ అనే చక్కటి మాట ఉండగా పత్రికలు దాన్ని ఎందుకు వదులుకుంటున్నాయో నాకు బాధగా ఉంటుంది. మీ వ్యాసంలో ‘కోర్టు విచారణ’ అని స్పష్టంగా రాయండి.

‘ప్రాంతీయ’ వద్దు. మన పాఠకుడికి రాయలసీమో, కోస్తానో స్ఫురిస్తుంది. ‘ఆఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం’ అంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రశ్న: ధన్యవాదాలండి. 7వ అధికరణం మొదటి మాటను ‘తన వాదన వినిపించుకునే హక్కు’ అని రాసుకున్నాను. బాగుందా?

జవాబు: ‘వినిపించుకునే’ దగ్గర జాగ్రత్త. ‘ఎంత చెప్పినా వినిపించుకోలేదు’ అంటాం కదా, అక్కడ వినిపించుకోవలసింది ఎదుటివాడు. ‘తన వాదన వినిపించే హక్కు’ అనండి. ‘గోడు’, ‘మొర’ మాత్రం వద్దు. అవి దయ కోరే మాటలు, ఇది హక్కు.

ఇంకొకటి. వ్యక్తులు నేరుగా ఆ న్యాయస్థానానికి వెళ్లే వీలు కల్పించిన అంగీకారాన్ని టాంజానియా 2019లో వెనక్కి తీసుకుంది. ఆ న్యాయస్థానం కొలువున్న దేశం అదే. వ్యాసంలో ఈ వాక్యం తప్పక ఉండాలి.