కపుల్డ్ కావిటీ టీడబ్ల్యూటీ: పల్సు రెండు కొసల్లో 10.6 గిగాహెర్ట్జ్ స్పైకులు

కావిటీ_09:
ఎక్స్-బ్యాండ్ (8-12 గిగాహెర్ట్జ్) ట్యూబు, అంటే ఎలక్ట్రాన్ బీమ్‌తో మైక్రోవేవ్ సిగ్నల్‌ని పెంచే ట్రావెలింగ్ వేవ్ ట్యూబు (టీడబ్ల్యూటీ). పక్కపక్క కావిటీలను కలిపే కప్లింగ్ స్లాట్లు కావిటీకి కావిటీకి 180 డిగ్రీలు తిప్పినవి. పీరియడ్ (కావిటీకి కావిటీకి దూరం) 5 మి.మీ. 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో కావిటీకి తరంగం ఫేజ్ మార్పు 1.6π. క్యాథోడ్ పల్సింగ్ (బీమ్ వోల్టేజినే పల్సుగా ఇవ్వడం), 10.8 కిలోవోల్టులు. డ్రైవ్ (ఇన్‌పుట్ సిగ్నల్) పూర్తిగా తీసేసినా డిటెక్టర్‌లో పల్సుకి రెండు వైపులా కొమ్ముల్లా స్పైకులు, మధ్యలో ఏమీ లేదు. అవుట్‌పుట్ వీఎస్‌డబ్ల్యూఆర్ (తరంగం ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే నిష్పత్తి) బ్యాండంతా 1.3 లోపే. తప్పు ఎక్కడ?

స్లోవేవ్:
వీఎస్‌డబ్ల్యూఆర్ చూసింది బ్యాండ్ లోపల, గొడవ బ్యాండ్ అంచున. కావిటీకి ఫేజ్ 2π అయ్యే ఆ అంచు (మీ 10.6) దగ్గర గ్రూప్ వేగం (శక్తి కదిలే వేగం) సున్నాకి పడిపోతుంది, ఇంటరాక్షన్ ఇంపెడెన్స్ (బీమ్ మీద తరంగానికి ఉండే పట్టు) అమాంతం పెరుగుతుంది. ఏ కప్లరూ అక్కడ మ్యాచ్ ఇవ్వదు, కాబట్టి తిరిగొచ్చిన తరంగమే ఫీడ్‌బ్యాక్ అవుతుంది.

ఫేజ్ వేగం లెక్కేయండి. 2π దగ్గర ఫ్రీక్వెన్సీని పీరియడ్‌తో గుణిస్తే చాలు: సెకనుకు 5.3 కోట్ల మీటర్లు, రిలేటివిస్టిక్‌గా 8.2 కిలోవోల్టుల బీమ్. 9.5 దగ్గర 5.94 కోట్లు, అంటే 10.3 కిలోవోల్టులు. గెయిన్ కోసం బీమ్ తరంగం కన్నా కాస్త వేగంగా ఉండాలి, 10.8 సరిపోయింది. కానీ వోల్టేజి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 8.2ని దాటక తప్పదు. ఆ కొమ్ములు అవే.

గ్రిడ్ (బీమ్ కరెంటుని ఆపి వదిలే జాలి) ఉంటే వోల్టేజి నిలదొక్కుకున్నాకే కరెంటు వదలండి, దించేముందే ఆపండి. లేకపోతే ఎక్కే, దిగే సమయాలు తగ్గించండి, 8.2 చుట్టూ ఆసిలేషన్ పెరిగేంత వ్యవధి దొరకకూడదు.

లాసీ_బటన్:
మాడ్యులేటర్ (పల్సు వోల్టేజి ఇచ్చే సర్క్యూట్) ముట్టుకోలేకపోతే కావిటీల్లో లాసీ (శక్తిని పీల్చేసే) సిరామిక్ బటన్లు పెట్టాలి. వాటి రెజొనెన్స్ 10.6 దగ్గరే ఉండాలి. కిందికి జారితే బ్యాండ్ పై భాగంలో గెయిన్ తినేస్తాయి. బ్రేజింగ్ తర్వాత సిరామిక్ ఆనే తీరు మారి ఫ్రీక్వెన్సీ కదులుతుంది, కోల్డ్ టెస్ట్ (బీమ్ లేకుండా కొలవడం) మళ్ళీ తప్పదు. బెరీలియా (బెరీలియం ఆక్సైడ్) ఉన్న సిరామిక్‌ని మాత్రం గీకకండి, అరగదీయకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకి విషం.

కావిటీ_09:
ఐగెన్‌మోడ్ (సహజ ఫ్రీక్వెన్సీలు లెక్కేసే) సిమ్యులేషన్‌లో 10.6 నాకు 2π దగ్గర కాక 0 డిగ్రీల దగ్గర వస్తోంది?

స్లోవేవ్:
స్లాట్లు తిప్పారు కాబట్టి సిమ్యులేషన్‌లో పునరావృతమయ్యే ఒక్కో సెల్‌లో 2 కావిటీలు ఉండి ఉంటాయి. సాల్వర్ ఇచ్చే ఫేజ్ 10 మి.మీ.కి. దానికి 360 డిగ్రీల గుణిజం కలిపి, సగం చేసి మడత విప్పండి: 0కి 720 కలిపితే 360, అదే మీ 2π.

లాసీ_బటన్:
ఇంకొకటి. డ్రైవ్ సాచురేషన్‌కి (అవుట్‌పుట్ ఇక పెరగని స్థాయికి) తెచ్చినప్పుడు పల్సు మధ్యలోనూ 10.6 కనిపిస్తే అది వేరే దారిలో వచ్చింది: శక్తి ఇచ్చేసిన ఎలక్ట్రాన్లు నెమ్మదించి 8.2 స్థాయికి దిగుతాయి. గ్రిడ్ దానికి పనిచేయదు. చివరి కొన్ని కావిటీల్లో పీరియడ్ తగ్గించాలి.