రాత్రివేళ మాత్రమే ఆగిపోతున్న బయటి కెమెరా: లోపం కేబుల్‌లోనా, కెమెరాలోనా?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం)

మా అపార్ట్‌మెంటు మేడ మీద, సముద్రం వైపు పిట్టగోడకు బిగించిన ఐపీ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్ ద్వారా చిత్రం పంపే నిఘా కెమెరా) పగలంతా చక్కగా పనిచేస్తోంది. చీకటి పడితే మాత్రం ఆగిపోతూ, మళ్లీ దానంతటదే మొదలవుతూ తెల్లవారేదాకా ఇబ్బంది పెడుతోంది. వాచ్‌మన్ గదిలోని పీఓఈ స్విచ్ (అదే కేబుల్ ద్వారా కెమెరాకు కరెంటు కూడా పంపేది) నుంచి అక్కడికి సుమారు 60 మీటర్ల క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ వేశారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతున్నందువల్ల కేబుల్‌లో లోపం లేదని, కెమెరానే మార్చాలని బిగించినవారు అంటున్నారు. ఆ ఖర్చుకు సిద్ధపడే ముందు ఎలా నిర్ధారించుకోవాలో దయచేసి తెలియజేయండి.

సమాధానం 1

చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి, దానితో కరెంటు వాడకం పెరుగుతుంది. తీగలో ఎక్కడైనా నిరోధం ఎక్కువగా ఉంటే సరిగ్గా అప్పుడే వోల్టేజి పడిపోతుంది. పీఓఈకి సంబంధించిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం కెమెరా దగ్గర 37 వోల్టులకు తగ్గకూడదు. మీరు చూసిన టెస్టర్ తీగ తెగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. పాడైన కనెక్టర్ కూడా టెస్టర్ పంపే కొద్దిపాటి కరెంటును పోనిస్తుంది కనుక లైట్లు వెలగడం భరోసా కాదు.

ముందుగా కెమెరాను కిందికి దించి, చిన్న ప్యాచ్ కార్డుతో (రెండు కొసలా ప్లగ్గులున్న పొట్టి నెట్‌వర్క్ కేబుల్) స్విచ్‌లోని అదే పోర్టుకు కలిపి, ముందుభాగాన్ని నల్లగుడ్డతో పూర్తిగా కప్పండి. ఎల్ఈడీలు వెలిగినా ఆగకుండా నడిస్తే కెమెరా మీద అనుమానం అక్కర్లేదు.

ఆ తరువాత కేబుల్ రెండు కొసలూ ఊడదీసి, ఒక కొసన 1, 2 పిన్నులను సన్నని తీగతో కలిపి, రెండో కొసన అవే పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓంలు కొలవండి. 3–6, 4–5, 7–8 జతలకూ అలాగే చేయండి. రాగి తీగకు 100 మీటర్లకు 9.38 ఓంలు గరిష్ఠ పరిమితి కాబట్టి, 60 మీటర్లు పోయి రావడానికి సుమారు 11 ఓంలకు మించకూడదు. నాలుగు జతలూ ఒకే తీరున 17 దాకా చూపితే అది రాగిపూత వేసిన అల్యూమినియం కేబుల్ కావచ్చు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఒక్క జతే ఎక్కువ చూపితే లోపం కనెక్టర్‌లోనో, మధ్యలో వేసిన అతుకులోనో ఉంటుంది.

సమాధానం 2

సముద్రపు గాలిలోని ఉప్పు ఇక్కడి కనెక్టర్లను త్వరగా తినేస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. జంక్షన్ బాక్సు తెరిచి, పిన్నుల మీద పచ్చని చిలుము ఉందేమో తప్పక చూడండి.

ప్రశ్న అడిగినవారు

గుడ్డ కప్పినా కెమెరా ఆగలేదు. మూడు జతలు 11 ఓంల దగ్గర నిలిచాయి. 4–5 జత మాత్రం నిలకడ లేకుండా, కనెక్టర్‌ను కాస్త కదిపితే వందల్లోకి వెళుతోంది. బాక్సులో చిలుము స్పష్టంగా ఉంది. పగలు చిత్రం ఏ లోపమూ లేకుండా ఎలా వచ్చింది?

సమాధానం 1

100 ఎంబీపీఎస్ వేగంలో చిత్రం 1–2, 3–6 జతల మీదనే వస్తుంది; మీ స్విచ్ విద్యుత్తును 4–5, 7–8 జతల మీద పంపే రకమై ఉండాలి. పగలు కెమెరా వాడే తక్కువ కరెంటుకు ఆ పాడైన జత కూడా సరిపోయి ఉంటుంది. తీగ రంగు మారిన మేరకు కోసి, మంచి రాగి కనిపించే చోట కొత్త కనెక్టర్ వేయండి, మళ్లీ కొలవండి. కేబుల్ బాక్సులోకి పైనుంచి కాక, కిందికి ఒక వంపు తిరిగి అడుగు నుంచి గ్లాండ్ (కేబుల్ చుట్టూ నీరు చొరబడకుండా బిగించే భాగం) ద్వారా వెళ్లాలి. లేదంటే వాననీరు కేబుల్ వెంబడే జారి లోపలికి చేరుతుంది. పై తొడుగు ఎండకు పగిలి ఉంటే మాత్రం కనెక్టర్ మార్చి ఊరుకోకుండా, ఎండను తట్టుకునే నల్లని పాలిథిన్ తొడుగున్న బయటి రకం రాగి కేబుల్ వేయించండి.