దేవరకొండ–కల్వకుర్తి లింకులో స్పెక్ట్రమ్ అంతా చిల్లరే, 400జీకి చోటు ఎట్ల?

నల్గొండ_ఫైబర్: నల్గొండ–దేవరకొండ–కల్వకుర్తి–మహబూబ్‌నగర్ ఫైబర్ దారిలో 400జీ (సెకనుకు 400 గిగాబిట్ల) ఛానెల్ ఎక్కించాలె. అన్నీ ఫ్లెక్స్‌గ్రిడ్ రోడమ్‌లే (వెలుగు ఛానెళ్లను దారి మళ్లించే పెట్టెలు, ఛానెల్ వెడల్పు మార్చుకోవచ్చు), రింగు హైదరాబాద్ మీదుగా కలుస్తది. 75 గిగాహెర్ట్జ్ కావాలె, అంటే 12.5 గిగాహెర్ట్జ్ లెక్కన పక్కపక్కన ఆరు స్లైసులు (ముక్కలు), మూడు లింకుల్లోనూ అవే ఉండాలె. 191.325 టెరాహెర్ట్జ్ నుంచి లెక్కపెడితే రెండు కొసల లింకుల్లో 43–48 ఖాళీ. నడిమి దేవరకొండ–కల్వకుర్తిలో 39–44 ఖాళీ. 45–48లో ఆ లింకు మీదనే నడిచే 100జీ ఉంది. మూడింటికీ కలిసేది 43, 44 మాత్రమే. 17–20 అంతటా ఖాళీయే గాని నాలుగే. ట్రాఫిక్ ఆగకుండా ఎట్ల సర్దాలె?

పాలమూరు_రోడమ్: ఆ 100జీని 39–42లోకి జార్చండి, 43–48 దొరుకుతది. అడ్డం వేరే ఛానెల్ లేదు కాబట్టి దూకించే పని లేదు. ఐటీయూ-టీ జీ.694.1 (ఫ్రీక్వెన్సీ గడుల ప్రమాణం) ప్రకారం ఇప్పుడది ఎన్ = −192, ఎం = 4. ఎన్ అంటే 193.1 టెరాహెర్ట్జ్ నుంచి 6.25 గిగాహెర్ట్జ్ మెట్లలో ఛానెల్ కేంద్రం, ఎం అంటే 12.5 లెక్కన దాని వెడల్పు. ముందు రెండు కొసలా డబ్ల్యూఎస్ఎస్ ఫిల్టర్‌ను (రోడమ్‌లో ఛానెల్‌కు దారిచ్చే కిటికీ) ఎన్ = −198, ఎం = 10కి వెడల్పు చేయండి. తర్వాత లేజర్‌ను ఎన్ = −204 దాకా మెల్లగా దింపాలె. అవతలి రిసీవర్‌లో లోకల్ ఆసిలేటర్ (రిసీవర్ సొంత లేజర్) వెంటవెంట రాకుంటే, కొన్ని గిగాహెర్ట్జ్ ఎడం పడంగనే లాక్ పోతది. దిగినంక ఫిల్టర్‌ను ఎన్ = −204, ఎం = 4కి మూసి, 400జీని ఎన్ = −194, ఎం = 6 మీద ఎక్కించండి. రెండు దిక్కులా ఇదే పని.

సూర్యాపేట_ఆప్టిక్స్: కాగితం మీద బాగనే ఉంది. ముందు ఆ 100జీ కార్డు (లేజర్, రిసీవర్ ఉండేది) చూడండి అన్నా. 45–48 అంటే కేంద్రం 191.900, పాత 50 గిగాహెర్ట్జ్ గ్రిడ్ గడి. కార్డు ఆ గ్రిడ్‌లోనే ట్యూన్ అయ్యేదైతే 191.825 దానికి దొరకదు. 17–20కి, అంటే 191.550కి దూకించుడే గతి. స్పేర్ జత ఉంటే అక్కడ కొత్తది ముందు లేపి, ఎర్రర్లు చూసి, ట్రాఫిక్ మార్చినంకనే పాతది తీయండి. ఇంకోటి, చాలా లేజర్లు ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు లైటు ఆర్పేస్తయి. అట్లయితే జార్చుడు అనే మాటే లేదు.

నల్గొండ_ఫైబర్: కార్డు 6.25 మెట్లలో ట్యూన్ అయితది. కానీ లైటు ఆర్పుతది. స్పేర్ లేదు.

పాలమూరు_రోడమ్: అయితే ఎం = 10 అక్కర్లేదు. రాత్రి విండోలో ఆ 100జీ ట్రాఫిక్‌ను హైదరాబాద్ వైపు తిప్పి, నేరుగా ఎన్ = −204కి రీట్యూన్ చేయండి. 17–20ని ముట్టకండి. మూడు లింకుల్లోనూ ఒకే తీరు ఖాళీ ఉన్నది అదొక్కటే, రేపు ఇంకో 100జీకి పనికొస్తది.

సూర్యాపేట_ఆప్టిక్స్: 400జీ లేపేటప్పుడు పవర్ మరవకండి. కంట్రోలర్ ఛానెల్‌కు ఇంత అని సమానం చేసేదైతే, 50 పక్కన 75 గిగాహెర్ట్జ్ ఛానెల్ డెన్సిటీలో (గిగాహెర్ట్జ్‌కు పడే పవర్) 1.76 డీబీ తక్కువ పడి ఓఎస్ఎన్ఆర్ (వెలుగు సిగ్నల్‌కు, నాయిస్‌కు నిష్పత్తి) దెబ్బతింటది. టార్గెట్ అంత పెంచండి. ఇక మీదట ఫస్ట్ ఫిట్ (ముందు దొరికిన ఖాళీలో పెట్టుడు) బంద్ పెట్టి, 400జీలను కింది కొస నుంచి ఆరేసి, 100జీలను పై కొస నుంచి నాలుగేసి స్లైసులు ఇయ్యండి. ఒకటి తీసేస్తే మిగిలే సందులో అదే సైజుది మళ్లీ పడుతది.