ఓటు తెనాలిలో, కాపురం కూకట్‌పల్లిలో: ఫారం 6 పెట్టాలా, 8 పెట్టాలా?

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ నమస్తే. మా పుట్టిల్లు తెనాలి, ఓటు కూడా అక్కడే ఉంది. పెళ్లయ్యాక కూకట్‌పల్లిలో స్థిరపడ్డాం. ఇక్కడికి ఓటు మార్చమని నెట్ సెంటర్‌లో అడిగితే, ఆ అబ్బాయి ఫారం 6 నింపి పంపేశాడు. "మరి తెనాలి ఓటు?" అంటే "అదే పోతుంది లెండి మేడం" అన్నాడు. నిజంగా అదే పోతుందా? స్టేటస్ ఇంకా పెండింగ్ అని చూపిస్తోంది. ఇంకో సందేహం. మా నాన్నగారు పోయి ఏడాది దాటినా తెనాలి జాబితాలో ఆయన పేరు అలాగే ఉంది. అమ్మ చూసి బాధపడుతోంది. తీయించాలంటే ఏం చేయాలి?

గుంటూరు మిర్చి:
రెండూ ఉంచుకోండమ్మా, ఎవడికి నష్టం? మా అపార్ట్‌మెంట్‌లో సగం మందికి ఊళ్ళో ఒకటి, ఇక్కడొకటి ఉన్నాయి.

చాక్‌పీసు మాస్టారు:
నేను రిటైర్డ్ టీచర్‌ని, సర్వీసులో ఉండగా బీఎల్వోగా, అంటే బూత్ స్థాయిలో ఓటర్ల జాబితా చూసే అధికారిగా కూడా చేశాను. అమ్మా, ముందు మీ సంగతి చూద్దాం. ఫారం 6 అనేది మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్ళకి. ఇంకెక్కడా నా పేరు లేదు అని అందులో డిక్లరేషన్ ఉంటుంది. దాని కింద మీ పేరుంది, నెట్ సెంటర్ అబ్బాయిది కాదు. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మీరు కంగారు పడక్కర్లేదు, అప్లికేషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉందిగా. రిఫరెన్స్ నంబరు పట్టుకుని మీ బూత్ బీఎల్వోని కలవండి. తెనాలిలో ఓటు ఉందని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ ఫారాన్ని తిరస్కరించమనండి. బీఎల్వో ఎవరో తెలియకపోతే ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.

మీరు పెట్టాల్సింది ఫారం 8. పాత కార్డు నంబరు అందులో వేసి, ఇల్లు మారాం అన్న గడి టిక్ చేయాలి. 2022 ఆగస్టు నుంచి ఇల్లు మారినా, తప్పులు దిద్దించుకోవాలన్నా, పోయిన కార్డుకి బదులు ఇంకోటి కావాలన్నా ఈ ఒక్క ఫారమే. రాష్ట్రం మారినా ఇదే. ఇక్కడ పేరు చేరితే తెనాలిలో తీసేస్తారు, మీ కార్డు నంబరు మారదు. తీశారో లేదో మాత్రం మీరే ఎన్నికల సంఘం పోర్టల్‌లో వెతికి చూసుకోండి.

అయితే ఫారం 8 పెట్టేముందు నాన్నగారి పని చూడండి. దానికి ఫారం 7. ఆ నియోజకవర్గంలో ఓటున్నవాళ్ళే అది పెట్టాలి. మీ ఓటు ఇక్కడికి వచ్చేశాక మీరు పెట్టడం కుదరదు. అమ్మగారికి అక్కడే ఓటుంది కాబట్టి ఆవిడ చేత సంతకం పెట్టించి, మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం జతచేసి ఇస్తే సరిపోతుంది.

గుంటూరు మిర్చి:
చట్టం సరే మాస్టారూ. రేపు మా ఊళ్ళో సర్పంచ్ ఎన్నిక వస్తే? అక్కడ ఓటు లేనివాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? నాకక్కడ ఇల్లూ, రెండెకరాలూ ఉన్నాయి.

చాక్‌పీసు మాస్టారు:
అసలు మెలిక అక్కడే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో జంట ఓట్లు పోకపోవడానికి పెద్ద కారణం పంచాయతీ రాజకీయమే అని నా అభిప్రాయం. కానీ పంచాయతీ జాబితా ఎక్కడి నుంచో రాదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. అంటే అసెంబ్లీకి ఎక్కడో పంచాయతీకీ అక్కడే. ఇక ఇల్లుంది, పొలముంది అన్న మాట చట్టం ముందు నిలవదు. సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉంటున్నట్టు కాదని అదే 1950 చట్టం 20వ సెక్షన్ సూటిగా చెబుతోంది. పడుకునేదీ లేచేదీ ఎక్కడో ఓటూ అక్కడే. ఒకటికి మించి నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదని 17వ సెక్షన్, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదని 18వ సెక్షన్ చెబుతాయి.

పైగా 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న లోక్‌సభకి రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండు ఓట్లున్నవాళ్ళు ఏం చేశారు? బస్సెక్కి ఊరెళ్ళారు, లేదా ఇక్కడే ఉండిపోయారు. ఒకేలా ఉన్న ఫొటోలూ పేర్లూ ఇప్పుడు సాఫ్ట్‌వేరే పట్టేస్తోంది. ఆ లిస్టు బీఎల్వో చేతికొచ్చాక మీ గుమ్మం ముందుకు నోటీసు వస్తుంది.

గుంటూరు మిర్చి:
సరే సార్, మా ఆవిడతో మాట్లాడి ఒకచోటికి తేలుస్తా.

మియాపూర్ మెట్రో:
కోడలు గారూ, చిన్న జాగ్రత్త. కూకట్‌పల్లి అని చెప్పుకునే ఇళ్ళన్నీ కూకట్‌పల్లి నియోజకవర్గం కిందికి రావు. హైదర్‌నగర్, ఆల్విన్ కాలనీ వైపైతే అది శేరిలింగంపల్లి. పక్కింటివాళ్ళ కార్డు వెనక ఏముందో చూసి నింపండి. తప్పు నియోజకవర్గం పెడితే ఇంటికొచ్చేది వేరే బీఎల్వో, మీరు దొరకలేదని రాసుకుపోతారు.

కూకట్‌పల్లి కోడలు:
అయ్యో, మాది ఆల్విన్ కాలనీయే! చాలా థాంక్సండీ. మాస్టారూ, ఇంకొక్కటి. కార్డులో నాన్నగారి పేరు, పుట్టింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇల్లు మార్చేటప్పుడే మా వారి పేరు కూడా పెట్టించుకోవచ్చా?

చాక్‌పీసు మాస్టారు:
ఒకే ఫారంలో కుదరదు. ఫారం 8లో ఏదో ఒక పనికే టిక్ పెట్టాలి. ముందు ఇల్లు మార్చుకుని, అది ఆమోదం పొందాక దిద్దుబాటుకి ఇంకో ఫారం 8 పెట్టండి. ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరి ఏమీ కాదు. ఆధార్‌లో పాత ఇంటిపేరే ఉంటే ఓటులోనూ అదే ఉంచుకోవడం మేలు, లేకపోతే కాగితాలతో కుస్తీ పట్టాలి.

ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టిన పేరు తెలుగులోకి దానంతటదే మారుతుంది. అక్కడే కొంపలంటుకునేది. రమ రామ అవుతుంది, శారద సారధ అవుతుంది. ఇంటిపేరుకి వేరే గడి ఉంటుంది. మనం అలవాటుగా పేరు గడిలోనే ఇంటిపేరు ముందు రాసి, దాని గడిలో మళ్ళీ రాస్తాం, కార్డులో రెండుసార్లు పడుతుంది. తెలుగు గడిలో దిద్దుకునే వీలుంది, సబ్మిట్ నొక్కేముందు అక్షరం అక్షరం చదవండి.

డాలస్ బావ:
నాకూ తెనాలి దగ్గరే ఓటుండేది. ఇప్పుడు అమెరికాలో ఉన్నాను, పాస్‌పోర్టు ఇండియాదే. నేనేం పెట్టాలి?

చాక్‌పీసు మాస్టారు:
అయితే విదేశాల్లో ఉన్నవాళ్ళకిచ్చే ఫారం 6ఏ. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా దగ్గర పేరు ఉంటుంది. ఓటు వేయాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టుతో స్వయంగా రావాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్నరోజున మాత్రం ఇక్కడి ఓటు వదులుకోవాలి.

ఇంటర్ సెకండియర్ అమ్మ:
మా వాడికి సెప్టెంబరులో 18 నిండుతాయి. వచ్చే జనవరి దాకా ఆగాలా సార్?

చాక్‌పీసు మాస్టారు:
అక్కర్లేదమ్మా. 18 నిండాయా అని చూడటానికి ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలున్నాయి. మీవాడికి అక్టోబరు 1 వర్తిస్తుంది. 17 నిండినవాళ్ళు ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు. వాడికైతే ఫారం 6 సరైనదే.

కూకట్‌పల్లి కోడలు:
ఇదంతా ఎన్నికల ప్రకటన వచ్చాక చేసుకున్నా సరిపోతుందా మాస్టారూ? బీఎల్వో గారు దొరకడమే కష్టంగా ఉంది.

చాక్‌పీసు మాస్టారు:
నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో ఇక ఏ మార్పూ చేయరు. అభ్యంతరాలకి వారం గడువు ఇవ్వాలి కాబట్టి అంతకు పది రోజుల ముందే మీ ఫారం అందాలి. ఇప్పుడే పెట్టేయండి. బీఎల్వోలు చాలావరకు అంగన్‌వాడీ టీచర్లో, స్కూలు టీచర్లో అయి ఉంటారు, సాయంత్రం ఐదు తర్వాత ఫోన్ చేసి చూడండి.