సిరిలిక్ అంటే గ్రీకు లిపికి నకలేనా?

కొత్తవిద్యార్థి: మొన్న ఒక వీడియోలో ఒకాయన ‘రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో సొంతం ఏముంది, గ్రీకు అక్షరాలకు ఇంకొన్ని అతికించారు, అంతే’ అని తేల్చేశాడు. రష్యన్ నేర్చుకుంటున్న నాకు ఒళ్లు మండింది. సెయింట్ సిరిల్ కూర్చుని తయారుచేసిన లిపి కాదా అది?

పాతసిరా: పేరు చూసి మోసపోకండి. 863లో క్రైస్తవ మతప్రచారానికి మధ్య యూరప్‌లోని మొరావియాకు బయల్దేరిన సిరిల్, మెథడియస్ అన్నదమ్ములది గ్లాగొలిటిక్ అనే వేరే లిపి అని పండితుల్లో ఎక్కువమంది మాట. సిరిల్ 869లోనే పోయాడు. సిరిలిక్ ఆ తర్వాత బల్గేరియాలో రూపు కట్టింది. ఇక నకలా అంటే, చాలావరకు అవుననే అంటాను. అంకెలు చూడండి. గ్రీకుల్లాగే సిరిలిక్ రాసేవాళ్లూ అక్షరాలనే అంకెలుగా వాడారు. మొదటి అక్షరం ‘అజ్’ 1. రెండోది ‘బుకి’ 2 కావాలి కదా? కాలేదు! దాన్ని దాటేసి మూడోదైన ‘వేది’కి 2 ఇచ్చారు. ఎందుకంటే వేది అంటే గ్రీకు బీటాయే, గ్రీకులో బీటా 2. పాపం బుకికి విలువే లేదు. అదే గ్లాగొలిటిక్‌లో బుకి 2, వేది 3, చక్కగా వరస ప్రకారం.

చెవిగలవాడు: అంకెల సంగతి ఒప్పుకుంటా. మరి బుకి ఎందుకు పుట్టిందో చెప్పరేం? అప్పటికే గ్రీకులు బీటాను ‘వ’ అని పలుకుతున్నారు. రష్యన్, బల్గేరియన్ లాంటి భాషల వాళ్లైన స్లావులకు ‘బ’, ‘వ’ రెండూ కావాలి. ‘ష’, ‘చ’ కూడా గ్రీకులో లేవు. ‘ష’కి మూడు నిలువు గీతలు, కింద ఒక అడ్డగీత. గ్లాగొలిటిక్‌లోనూ దాదాపు అదే బొమ్మ. హీబ్రూ అక్షరం ‘షిన్’ నుంచి వచ్చి ఉంటుందంటారు. నకలు కొట్టేవాడు ఇంత చెవి పెట్టి వినడండీ.

పాతసిరా: వింటే వినొచ్చు. కానీ స్లావిక్ మాటల్లో పనిలేని థీటా, క్సీ, ప్సీ అనే గ్రీకు అక్షరాలను ఎందుకు ఉంచుకున్నట్టు? గ్రీకు పేర్లు రాయడానికి, 9, 60, 700 అంకెలకి. మన వర్ణమాలలో ఌ ఉన్నట్టే. ఆ థీటా రష్యన్‌లో 1918 దాకా వేలాడింది.

కొత్తవిద్యార్థి: నన్ను ఏడిపించేది ఇంకోటుంది. ఇంగ్లీష్ ‘హెచ్’లా ఉండేది ‘న’ అట, తిరగేసిన ‘ఎన్’ ఏమో ‘ఇ’ అట!

చెవిగలవాడు: పాత చేతిరాతల్లో ‘ఇ’నే హెచ్ ఆకారంలో ఉండేది, అది గ్రీకు ‘ఈటా’. ‘న’ మామూలు ఎన్‌లాగే ఉండేది. రానురాను ఒకదాని అడ్డగీత వాలింది, ఇంకోదాని వాలుగీత అడ్డం తిరిగింది.

కొత్తవిద్యార్థి: అయితే డిక్టేషన్‌లో నేను రాసింది పాత పద్ధతి అన్నమాట. మా టీచర్‌కి చెప్పి చూస్తా, మార్కులు వేస్తారేమో.