చేతితో చేసుకున్న జాపర్‌ను ఒంటికి తగిలించుకోవచ్చా?

కొత్త చేతులు:

ఎలక్ట్రానిక్స్ నాకు వృత్తి కాదు, తీరిక దొరికినప్పటి వ్యాపకం. రెండు నెలలుగా 'జాపర్' అనే చిన్న పరికరాన్ని స్వయంగా తయారుచేసుకొని వాడుతున్నాను. తెలియనివారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ప్రత్యామ్నాయ వైద్యాన్ని ప్రచారం చేసిన హల్డా క్లార్క్ 1993లో వెలువడిన తన పుస్తకంలో, క్యాన్సర్లన్నిటికీ మూలం పేగుల్లో నివసించే ఒక చదును పురుగేనని, స్వల్ప విద్యుత్తుతో దాన్ని చంపవచ్చని వాదించారు. అందుకు ఆమె సూచించిన సాధనమే ఇది. 9 వోల్టుల బ్యాటరీ, విద్యుత్తును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఒక 555 టైమర్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, పట్టుకోవడానికి రెండు రాగి గొట్టాలు ఉంటే సరిపోతుంది. గొట్టాలకు తడిగుడ్డ చుట్టి, చేతికొకటి చొప్పున 7 నిమిషాలు పట్టుకోవాలి, 20 నిమిషాలకు పైగా ఆగాలి, ఇలా మూడు విడతలు చేయాలి. మొదటి విడతలో పురుగులు చస్తాయని, వాటిలోంచి బయటపడిన బాక్టీరియా రెండో విడతలో, ఆ బాక్టీరియాలోంచి వెలువడిన వైరస్‌లు మూడో విడతలో నశిస్తాయని ఆమె వివరణ.

క్యాన్సర్ మాట నేను పట్టించుకోలేదు. నాకు తరచూ జలుబు చేస్తుంది, సాయంత్రాలు కడుపు ఉబ్బరంగా ఉంటుంది. ఈ రెండు నెలల్లో రెండుసార్లు జలుబు మొదలైన మర్నాడే జాపర్ వాడితే వారంలోపే తగ్గిపోయింది. ఉబ్బరం కూడా కొంత నయమనిపిస్తోంది. గొట్టం చుట్టిన గుడ్డ మీద పచ్చని మరక పడుతోంది, లోపలి విషపదార్థాలు బయటికి వస్తున్నాయనడానికి అది గుర్తని కొందరంటారు. బ్యాటరీతో నడిచేది కాబట్టి ప్రమాదం ఉండదని నా నమ్మకం. నా ఒంటి మీద నేను చేసుకొనే ప్రయోగానికి మరొకరి అనుమతి అక్కరలేదని కూడా అనుకుంటున్నాను. ఇందులో పొరపాటు ఉంటే కారణంతో సహా చెప్పగలరు.

టంకం:

మీ సర్క్యూట్‌తో నాకు పేచీ లేదు. 555 చిప్ 1972 నుంచి మార్కెట్లో ఉంది. హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఆ చిప్ మీదనే మాలో చాలామంది టంకం వేయడం నేర్చుకున్నాం. మీరు విలువలు రాయలేదు గానీ, 1 కిలోఓమ్, 4.7 కిలోఓమ్ రెసిస్టర్లకు 4.7 నానోఫారడ్ కెపాసిటర్ జతచేసి ఉంటే సుమారు 29.5 కిలోహెర్ట్జ్ (సెకనుకు 29,500 స్పందనలు) వస్తుంది, అది క్లార్క్ చెప్పిన 30 కిలోహెర్ట్జ్‌కు దగ్గరే. మామూలు 555 చిప్ ఔట్‌పుట్ బ్యాటరీ వోల్టేజికన్నా ఒకటిన్నర వోల్టు తక్కువగా ఉంటుంది కాబట్టి మీ చేతికి అందేది 7.5 వోల్టులే. దారిలో 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటే ఒంట్లోంచి పారే విద్యుత్తు కొద్ది మిల్లీఆంపియర్లకు మించదు. ఇంతవరకు ఇది ముచ్చటైన పనితనమే.

పేచీ మొదలయ్యేది ఆ విద్యుత్తు ఏ దారిన పోతుందన్న చోట. రెండు చేతులతో రెండు గొట్టాలు పట్టుకున్నప్పుడు అది ఒక చేతిలోంచి భుజానికి, అక్కడినుంచి ఛాతీ మీదుగా రెండో చేతికి వెళుతుంది. ఆమె నిందించిన పురుగు, ఫాసియోలాప్సిస్ బస్కీ, ఉండేది చిన్నపేగులో. రెండు చేతుల మధ్య నడిచే విద్యుత్తు నాభి దిక్కుకు దిగి రావడానికి కారణం లేదు. వచ్చినా అది చుట్టూ ఉన్న ద్రవాల్లోంచీ కండరాల్లోంచీ చెదిరిపోయి పోతుందే తప్ప, పేగు నడుమ ఉన్న పురుగును వెతికి పట్టుకోదు.

ఇంకొక మాట. ఒంట్లో కొవ్వు శాతం చూపే త్రాసులు మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావాటి పద్ధతి ఇదే: పాదాల నుంచో చేతుల నుంచో ఒక మిల్లీఆంపియర్‌కు లోపు విద్యుత్తును సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ వద్ద పంపి, శరీరం దానికి ఎంత అడ్డుపడుతుందో కొలుస్తాయి. ఆ త్రాసు ఎక్కినవారికి నులిపురుగులు పోయాయని ఎవరూ చెప్పగా వినలేదు. 30 దగ్గర ప్రాణాలు తీసే విద్యుత్తు 50 దగ్గర కేవలం కొలబద్ద ఎలా అవుతుందో ముందుగా చెప్పవలసింది జాపర్‌ను సమర్థించేవారే.

పచ్చని మరక సంగతికి వస్తే, అది రాగి. జాపర్ ఔట్‌పుట్ సున్నాకు ఇరువైపులా ఊగదు, ధన దిశలోనే లేచి దిగుతుంది. అందువల్ల అందులో ఏకముఖ విద్యుత్తు కలిసి ఉంటుంది. తడిగుడ్డలోని లవణాల సాయంతో ధన ధ్రువం దగ్గర రాగి కరిగి గుడ్డకు అంటుతుంది. పాదాలను ఉప్పునీటిలో ముంచి విద్యుత్తు పంపే తొట్టెల్లో నీరు గోధుమరంగుకు మారడమూ ఇలాంటిదే, అక్కడ ప్రధానంగా తుప్పు పట్టేది లోపలి లోహపు పలక. నమ్మకం కుదరకపోతే ఎవరూ పట్టుకోకుండా రెండు గొట్టాల మధ్య ఉప్పునీటి గుడ్డ పెట్టి గంటసేపు నడపండి. మరక అప్పుడూ వస్తే, విషం ఎవరి ఒంట్లోదో గొట్టాలనే అడగాలి.

ఎదురుగాలి:

టంకం గారి లెక్కలు బాగున్నాయి, కాని లెక్కలతోనే వైద్యం తేలిపోతే ప్రయోగశాలలు ఎందుకు? చవకగా ఇంట్లో చేసుకోగలిగిన పరికరం మీద పెట్టుబడి పెట్టి పరీక్షలు జరిపే సంస్థ ఏదీ ఉండదు, ఎందుకంటే దానివల్ల ఎవరికీ లాభం లేదు. పరీక్ష జరగలేదు కాబట్టి పనిచేయదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. విద్యుత్తుతో వైద్యం నిన్న మొన్నటిది కూడా కాదు. మొదటి శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికీ కీళ్లవాతానికీ విద్యుత్తు పుట్టించే చేపను వాడమన్నాడు. అప్పుడు దానికి సిద్ధాంతం లేదు, ఉపశమనం మాత్రం ఉంది.

నాడి:

నేను ఫిజియోథెరపీ చేస్తాను కాబట్టి ఆ చేప నుంచి మొదలుపెడతాను. ఎదురుగాలి గారు చెప్పింది నిజమే, కాని ఆ ఉదాహరణ జాపర్‌కు మద్దతు ఇవ్వదు. చేప ఇచ్చిన విద్యుత్తు స్పర్శకు తెలిసేది, మొద్దుబారేలా చేసేది. నొప్పికి మేము వాడే, చర్మం మీది పలకల ద్వారా విద్యుత్తు పంపే టెన్స్ యంత్రమూ అలాంటిదే. 1965లో మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన 'ద్వార నియంత్రణ' సిద్ధాంతం ప్రకారం స్పర్శను మోసే నాడులను కదిలిస్తే వెన్నుపాములో నొప్పి సంకేతం కొంతవరకు అణగుతుంది. అందుకు సెకనుకు సుమారు 2 నుంచి 150 స్పందనలు సరిపోతాయి. ఒక్కొక్క స్పందన 50 నుంచి 250 మైక్రోసెకన్లు ఉంటుంది. సెకనుకు 30 వేల సార్లు వచ్చే బలహీనమైన అలను నాడులు అసలు లెక్కచేయవు. అందుకే జాపర్ పట్టుకున్నవారికి తిమ్మిరి దాదాపుగా తెలియదు. టెన్స్ విషయంలోనైనా, అది యంత్రం నడుస్తున్నంతసేపు కొందరికి కొంత ఉపశమనమే తప్ప జబ్బును నయం చేయదని రోగులకు ముందే చెబుతాం.

ఇంట్లో చేసుకొనేవారు పట్టించుకోని తేడా ఒకటుంది. టెన్స్ యంత్రంలో ధన దిశలో ఎంత విద్యుదావేశం పోతుందో రుణ దిశలో అంతే వెనక్కి వచ్చేలా చూస్తారు. లేకపోతే చర్మం మీద ఒక ధ్రువం దగ్గర ఆమ్లం, మరొక ధ్రువం దగ్గర క్షారం పోగుపడి పుండు పడుతుంది. మీ జాపర్‌లో ఆ సమతూకం లేదు. 7 నిమిషాలకు ఏమీ కాకపోవచ్చు. ఉత్సాహంకొద్దీ చిన్న నాణెమంత లోహాన్ని గుడ్డ లేకుండా గంటలకొద్దీ ఒకేచోట అంటించుకుంటే కాలిన మచ్చ మిగులుతుంది. నొప్పి లేదు కదా అనుకుంటారు, క్షారం వల్ల కలిగే గాయం మొదట్లో అంతగా నొప్పి పెట్టదు.

గుండెలయ:

నా ఛాతీలో పేస్‌మేకర్ ఉంది, అందుకే 'బ్యాటరీ కాబట్టి ప్రమాదం లేదు' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. పేస్‌మేకర్ గుండె నుంచి వచ్చే అతి చిన్న సంకేతాలను వింటూ ఉంటుంది. ఛాతీ మీదుగా వేరే విద్యుత్తు పోతే దాన్ని గుండె చప్పుడుగా పొరబడి, కొట్టవలసిన సమయంలో ఊరుకోవచ్చు. ఇది ఊహ కాదు: పేస్‌మేకర్ ఉన్న ఒక రోగికి జాపర్ వల్ల కలిగిన ప్రమాదాన్ని 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వైద్యులు నమోదు చేశారు. కొత్త చేతులు గారు తన ఒంటి మీద ప్రయోగం తన ఇష్టమన్నారు, ఒప్పుకుంటాను. కాని ఇలాంటి పరికరం బల్ల మీద ఉంటే ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు 'ఒకసారి పట్టుకుని చూస్తాను' అనడం సహజం. అప్పుడు అది ఒక్కరి ఇష్టం కాదు.

టంకం:

బ్యాటరీ గురించే ఇంకొక మాట చేర్చాలి. బ్యాటరీ అయిపోయినప్పుడు చాలామంది చేసే పని గోడకు తగిలించే అడాప్టర్‌ను కలపడం. చవకరకం అడాప్టర్‌లో మెయిన్స్‌ను బయటి తీగల నుంచి విడిగా ఉంచే ఏర్పాటు దెబ్బతింటే ఇంటి మెయిన్స్ విద్యుత్తు నేరుగా మీ అరచేతుల్లోకి వస్తుంది, అదీ ఛాతీ మీదుగా, తడిగుడ్డతో. రోగి ఒంటిని తాకే యంత్రాల్లో లీకయ్యే విద్యుత్తును సాధారణ స్థితిలో మిల్లీఆంపియర్‌లో పదోవంతుకు పరిమితం చేసే ప్రమాణాలు ఊరికే పుట్టలేదు.

చదువరి:

అన్నట్టు, క్లార్క్ 2009లో మల్టిపుల్ మైలోమాతో మరణించారు. అదీ ఒక రకం క్యాన్సరే. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నాడి:

అది రుజువు కాదండీ. గుండె వైద్యులూ గుండెపోటుతో పోతారు. ఆమె చావుతో ఆమె మాట తప్పని తేలదు, ఆమె బతికి ఉంటే ఒప్పని తేలేదీ కాదు.

మూడో బెంచి:

ఇంతవరకు అందరూ విద్యుత్తు చేసే హాని గురించే మాట్లాడారు. మా మేనమామకు మలంలో రక్తం పడేది. ఎవరో ఇలాంటి పరికరం ఒకటి చేసి ఇచ్చారు. ఎనిమిది నెలలు శ్రద్ధగా వాడాడు, మధ్యలో నాలుగైదు వారాలు రక్తం కనబడకపోతే నయమైందని సంతోషించాడు. పెద్దపేగు పరీక్ష చేయించే సరికి గడ్డ కాలేయానికి పాకింది. ఆ పరికరం ఆయనకు ఒక్క షాకూ ఇవ్వలేదు, చిన్న మచ్చ కూడా పడలేదు.

ఎదురుగాలి:

మీ మేనమామగారి విషయం వినడానికి బాధగా ఉంది, దానికి నేను వాదించను. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది: జలుబుకూ ఉబ్బరానికీ వాడుకొనే మనిషికి ఇది పనిచేస్తుందో లేదో ఎలా తేలుతుంది? 'ఎవరూ పరీక్షించరు కాబట్టి వదిలేయండి' అనడమేనా జవాబు?

టంకం:

కాదు. పెద్ద సంస్థ రానక్కరలేదు, ఈ పరికరాన్ని చేసినవారే పరీక్షించవచ్చు. పట్టుకున్నప్పుడు పెద్దగా ఏమీ తెలియదు కాబట్టి అందుకు ఇది చాలా అనువైనది. జలుబును పక్కన పెట్టండి, అది ఏ చికిత్సా లేకపోయినా మామూలుగా వారం, పది రోజుల్లో తగ్గేదే. ఉబ్బరం రోజూ వచ్చేది కాబట్టి లెక్కకు దొరుకుతుంది. సర్క్యూట్‌ను మూతపెట్టిన పెట్టెలో బిగించి, లోపల ఒక స్విచ్ పెట్టండి. ఒకవైపు వేస్తే విద్యుత్తు గొట్టాలకు చేరాలి, రెండోవైపు వేస్తే లోపలి రెసిస్టర్‌లోనే తిరగాలి. పైన ఎల్ఈడీ రెండు స్థితుల్లోనూ ఒకేలా వెలగాలి. ఇంట్లో మరొకరు రోజూ మీ కంటపడకుండా నాణెం ఎగరవేసి స్విచ్ మార్చి, ఏ వైపు వేశారో రాసి దాచాలి. మీరు సాయంత్రం ఉబ్బరానికి 0 నుంచి 10 వరకు అంకె వేసుకోండి. 40 రోజుల తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. నిజంగా పురుగుల మీదే సందేహమైతే అంత కష్టం కూడా అక్కరలేదు: మల పరీక్షలో గుడ్లు ఉన్నాయో లేదో తెలుస్తుంది, ఉంటే పురుగును బట్టి వైద్యులు ఆల్బెండజోల్ గాని ప్రాజిక్వాంటెల్ గాని ఇస్తారు.

కొత్త చేతులు:

మీరందరూ చెప్పింది చదివి మూడు రోజులు ఏమీ రాయలేదు, ముందు గుడ్డ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఎవరూ పట్టుకోకుండా రెండు గొట్టాల మధ్య ఉప్పునీటి గుడ్డ పెట్టి గంటసేపు నడిపాను. ధన ధ్రువం వైపు మరక పడింది, నా చేతుల్లో ఉన్నప్పటికంటే ముదురుగా. విషాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుండెలయ గారి మాట విన్న రోజే పరికరాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉబ్బరం గురించి వైద్యుణ్ణి కలవడానికి సమయం తీసుకున్నాను, పరీక్ష ఆ తర్వాతే మొదలుపెడతాను.

అయితే మీరు చెప్పిన పద్ధతిలో నాకొక చిక్కు కనబడింది. విద్యుత్తు చేరిన రోజున గుడ్డ మీద మరక పడుతుంది, చేరని రోజున పడదు. మరక చూడగానే ఏ రోజు ఏదో నాకు తెలిసిపోతుంది కదా. కెపాసిటర్ పెట్టి ఏకముఖ విద్యుత్తును ఆపేస్తే మరక ఆగుతుంది గాని, ధన దిశలో ఉండటమే కీలకమని క్లార్క్ అనుచరులు అంటారు కాబట్టి, ఫలితం లేకపోతే పరికరాన్నే మార్చేశానని అంటారు.

టంకం:

ఆ చిక్కు నాకు తట్టలేదు, మెచ్చుకోవలసిందే. కెపాసిటర్ పెట్టకండి. రాగి గొట్టాలు తీసేసి, టెన్స్ యంత్రాలకు వాడే కార్బన్ రబ్బరు పలకలను తడి స్పాంజితో అరచేతులకు అమర్చండి, రంగు వేసే లోహం లేకపోతే మరకా ఉండదు. 7 నిమిషాలకు మించవద్దు, ప్రతిసారీ అరచేతులు చూసుకోండి, ఎర్రబడితే ఆపేయండి. ఆ ఎరుపు కూడా ఏ రోజు ఏదో చెప్పేస్తుంది కాబట్టి, అలాంటి రోజులను ఏం చేయాలో మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసి ఉంచండి.