433 మెగాహెర్ట్జ్‌లో ఉన్న షట్టర్ సెన్సర్‌కి ఈటీఏ (టెలికాం శాఖ వైర్‌లెస్ అప్రూవల్) వస్తుందా, 866కి మార్చాలా?

గుంటూరు_సర్క్యూట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరులో నాకో చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్ ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీల టెంపరేచర్ ప్యానెళ్లు పదకొండేళ్లుగా రిపేరు చేస్తున్నాను. ఆ పరిచయంతోనే ఒక ఓనరు గారు, "రాత్రిపూట షట్టర్ ఎవరైనా ఎత్తితే వాచ్‌మన్ గదిలో గంట మోగాలి, వైర్లు మాత్రం లాగొద్దు" అని అడిగారు. సీజన్‌లో ఒక్కో గదిలో రైతుల టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని ఉంటాయో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. సరుకు పోతే ఓనరు ఒక్కడే కాదు, రైతు కూడా మునుగుతాడు. అందుకే ఈ పని మనసు పెట్టి చేశాను.

బోర్డు నాదే. సీసీ1101 రేడియో చిప్, షట్టర్‌కి అయస్కాంతం, అది దూరమైతే పసిగట్టే రీడ్ స్విచ్, 3.6 వోల్టుల లిథియం సెల్. 433.92 మెగాహెర్ట్జ్‌లో పంపుతుంది. వేగం 1.2 కేబీపీఎస్, డీవియేషన్ (డేటా పంపేటప్పుడు ఫ్రీక్వెన్సీ అటూఇటూ జరిగే మేర) 5.2 కిలోహెర్ట్జ్. పవర్ ఫుల్‌గా పెట్టాను. స్టోరేజీ గోడలు రెండువైపులా రేకు ఉన్న పఫ్ ప్యానెళ్లు కావడంతో సిగ్నల్ బయటికి రావడమే కష్టమైంది. యాంటెనాని వైరుతో షట్టర్ పైన బయటివైపు పెట్టాక 140 మీటర్ల దూరంలోని గదికి అందింది.

ఇప్పుడు ఇంకో మూడు స్టోరేజీల వాళ్లు అడుగుతున్నారు. ఒకాయన ఆడిటరు "దీనికి వైర్‌లెస్ అప్రూవల్ ఉందా?" అని అడిగారు. నా దగ్గర లేదు. విడిభాగాలు అమ్మే ఒక షాపు వాళ్లని అడిగితే, "మా మాడ్యూల్‌కి సర్టిఫికెట్ ఉంది, అదే చూపించండి" అని పీడీఎఫ్ పంపారు. తెరిచి చూస్తే అందులో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్, మోడల్ నంబరు కూడా వేరు. అది చూపించి సరుకు అమ్మడం నాకు ఇష్టం లేదు. మూడు రోజులుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

అడగాలనుకున్నవి ఇవి. 433లోనే ఉంటే ఈటీఏ వస్తుందా? రాకపోతే ఎక్కడికి మారాలి? ఈటీఏ వచ్చాక "ప్రభుత్వం సర్టిఫై చేసిన అలారం" అని బాక్సు మీద వేసుకోవచ్చా?

వైజాగ్_అనలైజర్

మీ పోస్టు చదవగానే ఆ పీడీఎఫ్ వాడనందుకు సంతోషం వేసింది. నేను తొమ్మిదేళ్లుగా ఆర్ఎఫ్ టెస్టింగ్‌లో ఉన్నాను. పక్కవాళ్ల సర్టిఫికెట్‌తో సరుకు దించి, తర్వాత ఇబ్బందుల్లో పడ్డవాళ్లను చూశాను.

ముందు 433 సంగతి. మన దేశంలో 433–434 బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు, కానీ షరతులు చాలా బిగుతు: ఈఆర్‌పీ (యాంటెనా నుంచి బయటికి వెళ్లే పవర్) 10 మిల్లీవాట్లు, క్యారియర్ బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ ఆక్రమించే వెడల్పు) 10 కిలోహెర్ట్జ్. మీ సెట్టింగులతో లెక్క కట్టి చూడండి. డీవియేషన్ 5.2, దానికి డేటా రేటులో సగం 0.6 కలిపి రెట్టింపు చేస్తే 11.6 కిలోహెర్ట్జ్. కాగితం మీదే గీత దాటేశారు. 20 పీపీఎం (పది లక్షలకు 20 తేడా వచ్చే) క్రిస్టల్ వాడారనుకుందాం. 433.92 దగ్గర అదొక్కటే 8.7 కిలోహెర్ట్జ్ అటూఇటూ జరుగుతుంది. బజారులో దొరికే చవక 433 ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మనకి ఈటీఏ ఇప్పించలేకపోవడానికి కారణం ఇదే. వాటిలో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే సా రెజొనేటర్ ఒక చోట నిలబడదు.

మీకు సరిపోయేది 865 మెగాహెర్ట్జ్ వైపు. 2005లో 865–867ని తక్కువ పవర్ పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలారు. 2021లో దాన్ని 868 వరకు పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్, ఈఆర్‌పీ 4 వాట్లు, క్యారియర్ బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్. మీ చిప్ ఎంత తోసినా 12 డీబీఎం, అంటే 16 మిల్లీవాట్లు దాటదు. పవర్ గురించి దిగులే లేదు. 866.0 దగ్గర కూర్చోబెట్టి 38.4 కేబీపీఎస్, 20 కిలోహెర్ట్జ్ డీవియేషన్ పెట్టండి. బ్యాండ్‌విడ్త్ 78 చిల్లర వస్తుంది, 200లో హాయిగా ఇమిడిపోతుంది.

బ్యాటరీకీ మేలే. మీ ప్యాకెట్ 32 బైట్లు అనుకుంటే 1.2 కేబీపీఎస్‌లో 213 మిల్లీసెకన్లు గాలిలో ఉంటుంది, 38.4లో ఏడు కూడా ఉండదు. వేగం పెంచితే రిసీవర్ సెన్సిటివిటీ తగ్గుతుంది, కాబట్టి ఆ 140 మీటర్లూ మళ్లీ నడిచి చూడండి.

ఒక జాగ్రత్త. చిప్ కంపెనీ ఇచ్చే రెఫరెన్స్ డిజైన్‌లోని ఫిల్టర్ కాంపొనెంట్లను 433 నుంచి 866కి మార్చేటప్పుడు "దొరికిన విలువ వేసేద్దాం" అనుకోకండి. 866కి రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర పుట్టే అనవసర సిగ్నల్) 1732 మెగాహెర్ట్జ్. 1800 బ్యాండ్‌లో మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడేది 1710 నుంచి 1785 వరకు, అంటే మీ చెత్త సరిగ్గా అక్కడే పడుతుంది. యూరప్ రేడియో ప్రమాణం ఈఎన్ 300 220 ప్రకారం కొలిస్తే 1 గిగాహెర్ట్జ్ పైన హద్దు మైనస్ 30 డీబీఎం. మా దగ్గరికి వచ్చే కొత్త బోర్డుల్లో ముందు తప్పేది ఈ హార్మోనిక్కే. మీరు యాంటెనాని వైరుతో షట్టర్ పైకి తీసుకెళ్లానన్నారు, ఆ వైరు కూడా పరికరంలో భాగమే. దాన్ని మార్చితే రిపోర్టులో కొలిచింది ఒకటి, గోడ మీద ఉన్నది ఇంకొకటి అవుతుంది.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఆర్ఎఫ్ రిపోర్టు చేయించుకుని, టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగానికి సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేయాలి. ల్యాబ్‌కి ఫోన్ చేసినప్పుడు రేటు కంటే ముందు "మీకు గుర్తింపు ఉన్న పరీక్షల స్కోపులో ఈఎన్ 300 220 ఉందా?" అని అడగండి. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర ఈటీడీసీ ఉంది, విశాఖ గంభీరంలో సమీర్ సెంటర్ ఉంది, రెండూ ప్రభుత్వ టెస్టింగ్ సెంటర్లే. రెండింటికీ ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మీ చివరి ప్రశ్న. దయచేసి అలా వేయకండి. ఈటీఏ చెప్పేది ఒక్కటే, మీ రేడియో తన హద్దులో ఉందని. షట్టర్ ఎత్తితే గంట మోగుతుందని అది ఎక్కడా చెప్పదు. అసలు లైసెన్సు లేని బ్యాండ్ షరతే ఇది: ఎవరికీ అంతరాయం కలిగించకూడదు, మీకు ఎవరైనా అంతరాయం కలిగిస్తే రక్షణ అడగకూడదు. మిర్చి రైతు ఆ బాక్సు చూసి ఏం నమ్ముతాడో ఆలోచించండి.

సికింద్రాబాద్_ఇన్‌స్టాలర్

తమ్ముడూ, పైన మేడమ్ గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను. ఇరవై రెండేళ్లుగా అలారాలు బిగిస్తున్నాను. ఒక విల్లాలో, అమెరికాలో ఉండే కొడుకు తెచ్చిన కిట్ బిగించమన్నారు. పెట్టె మీద 902–928 అని ఉంది. అక్కడ అది ఫ్రీ బ్యాండ్. మన దగ్గర 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడే చోటు. బిగించనని చెప్పాను. పెద్దాయనకి కోపం వచ్చింది. "ఒక్క ఇంటితో ఏమవుతుందయ్యా?" అన్నారు. కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపించాక ఒప్పుకున్నారు. యూరప్ కిట్లు కూడా అంతే, చాలావాటికి 868.3. మన గీత 868 దగ్గర ఆగిపోయింది.

ఇంకో మాట. సెన్సర్ ఒక్కదాని గురించే అడిగావు. గదిలో గంట మోగించే హబ్‌కి సిమ్ పెడితే లెక్క మారుతుంది. టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ సెంటర్ వాళ్ల ఎంటీసీటీఈ (టెలికాం పరికరాల పరీక్ష, సర్టిఫికేషన్) తప్పనిసరి జాబితాలో ఐఓటీ గేట్‌వే (సెన్సర్ల సమాచారాన్ని నెట్‌వర్క్‌కి పంపే పెట్టె) ఉంది. అడాప్టర్‌కి బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే కొను. నలభై రూపాయలు మిగులుతాయని వేరేది కొనొద్దు.

డల్లాస్_తెనాలి

మాది తెనాలి, ఇప్పుడు డల్లాస్‌లో కంప్లయన్స్ (పరికరాలు నిబంధనలకు సరిపోతున్నాయో చూసే) పనిలో ఉన్నాను. ఎగుమతి ఆలోచన ఉందో లేదో తెలియదు కానీ, హార్ట్‌బీట్ విషయంలో అమెరికా, యూరప్ లెక్కలు మీకు పనికొస్తాయి.

"నేను బతికే ఉన్నాను" అని సెన్సర్ మధ్యమధ్యలో చెప్పకపోతే, సెల్ అయిపోయినా, ఎవరైనా పీకేసినా మీకు తెలియదు. ఇక్కడ అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం 15.231 కింద నడిచే సెన్సర్లు మామూలుగా నిర్ణీత వ్యవధిలో పదేపదే పంపకూడదు. సెక్యూరిటీ పరికరాలకు మాత్రం మినహాయింపు ఉంది, ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కి గంటకు మొత్తం 2 సెకన్లు. మీ పాత 213 మిల్లీసెకన్ల ప్యాకెట్‌ని ఐదు నిమిషాలకోసారి పంపితే 2.56 సెకన్లు అవుతుంది, ఫెయిల్. కొత్త వేగంలో 0.08 సెకన్లే.

అలారం నాణ్యత సంగతికొస్తే, యూరప్‌లో దానికి వేరే ప్రమాణమే ఉంది, ఈఎన్ 50131. రేడియో పరీక్ష పాసైతే అలారం పాసైనట్టు కాదని అక్కడ స్పష్టంగా విడదీశారు. సెన్సర్‌తో సంబంధం తెగలేదని సిస్టమ్ ఎంతసేపటికోసారి తేల్చుకోవాలో అందులో గ్రేడుల వారీగా ఉంది. గ్రేడ్ 2కి 120 నిమిషాల లోపు, గ్రేడ్ 3కి 100 సెకన్ల లోపు. మన దగ్గర అది తప్పనిసరి కాదు. అయినా బాక్సు మీద ఏం రాయాలని అడిగారు కాబట్టి చెబుతున్నాను: "సెన్సర్ ఆగిపోతే ఇన్ని నిమిషాల్లో తెలుస్తుంది" అని రాయండి. దాన్ని ఓనరు గారు సెల్ పీకి తానే పరీక్షించుకోగలరు.

గుంటూరు_సర్క్యూట్

ముగ్గురికీ చేతులెత్తి దండం. ఆదివారమంతా బోర్డు ముందే కూర్చున్నాను. 866.0కి మార్చాను, ఇండక్టర్లూ కెపాసిటర్లూ డేటాషీట్‌లో ఉన్న విలువలే తెప్పించి వేశాను. 140 మీటర్లు అందలేదు మేడమ్, 110 దగ్గర ప్యాకెట్లు పోతున్నాయి. రిసీవర్ యాంటెనాని కిటికీ లోపలి నుంచి తీసి గది కప్పు మీదికి మార్చాక 160 వరకు వచ్చింది. షట్టర్ పైకి వెళ్లే వైరు పొడవు 1.2 మీటర్లకు స్థిరం చేశాను, ఇక అన్ని చోట్లా అదే.

హార్ట్‌బీట్ నాలుగు నిమిషాలకి పెట్టాను. వరసగా మూడు రాకపోతే వాచ్‌మన్ గదిలో వేరే శబ్దం వస్తుంది. బాక్సు మీద "సెన్సర్ ఆగితే 12 నిమిషాల్లో తెలుస్తుంది" అని రాయిస్తున్నాను. ప్రభుత్వం మాట తీసేశాను. ఆ మూడు స్టోరేజీల వాళ్లకి ఈటీఏ వచ్చాకే బిగిస్తానని ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన వేరేవాళ్ల దగ్గర తీసుకుంటానన్నారు, ఇద్దరు ఆగుతామన్నారు. మొదటి ఓనరు గారి దగ్గర ఉన్న 433వి అన్నీ ఆఫ్ చేసి తెచ్చేశాను. అప్పటివరకు ఆయన రాత్రి ఇంకో మనిషిని పెట్టుకుంటున్నారు, ఆ జీతంలో సగం నేనిస్తానన్నాను.

ల్యాబ్ వాళ్లు మూడు శాంపిల్స్ అడిగారు. రెండు పూర్తిగా బాక్సులో బిగించినవి, ఒకటి యాంటెనా బదులు కొలిచే కేబుల్ బిగించడానికి ఎస్‌ఎంఏ కనెక్టర్ పెట్టినది. ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేసే టెస్ట్ ఫర్మ్‌వేర్ కూడా కావాలన్నారు, రాత్రి రాశాను. బటన్ నొక్కితే మాడ్యులేషన్ లేని క్యారియర్, రెండోసారి నొక్కితే డేటాతో. బుధవారం రాత్రి బస్సుకి వైజాగ్ బయల్దేరుతున్నాను. 1732 దగ్గర ఎంత వచ్చిందో అక్కడి నుంచే రాస్తాను.